ఈ బాధ కూడా మన కోర్కెల పత్రంలో చేరవలెను

ఈ పత్రిక సంపాదకీయ స్తంభంలో కరువు భత్యం గురించి, బోనసు గురించి, ఖాళీల భర్తీ గురించి, పెన్షను హక్కు గురించి ఎన్నోసార్లు వ్రాశాము. అవి వ్రాయవలసినవే, ఇకమీదట కూడా వ్రాయగలము. కాని ఏ శాఖ కార్యవర్గం అజెండాలోను, ఏ మహజరులోను ఇంతవరకు చోటు దొరకని ఒక బాధను గురించి ఈ నెల వ్రాయదలచాము. అది నెలల తరబడి, సంవత్సరాల తరబడి వదలని పొత్తికడుపు నొప్పి.

ఇది ఆడవారి విషయం కదా, కార్మిక సంఘం పత్రికలో దీనికి చోటేమిటని కొందరు మిత్రులు అనుకొనవచ్చును. ఇది ఆడవారి విషయం మాత్రమే కాదని ఈ వ్యాసం పూర్తి చేయక ముందే వారికి తెలియగలదు. ఒకవేళ ఆడవారి విషయమే అయినను, ట్రాకు మీద సుత్తి పట్టినవారు, ఇంజను నడుపుతున్నవారు, ఆర్.ఎం.ఎస్.లో రాత్రంతా నిలబడి ఉత్తరాలు విడదీస్తున్నవారు, పల్లెపల్లెకు టపా మోస్తున్నవారు మనలో స్త్రీలు కూడా ఉన్నారు. వారి చందా స్వీకరించి వారి బాధను స్వీకరించకపోవుట ఏ సంఘానికీ గౌరవం కాదు.

మా కార్యాలయానికి ఒక సోదరి వ్రాసిన ఉత్తరమే ఈ సంపాదకీయానికి కారణం. ఆమె కోరిక మేరకు పేరు, ఊరు వ్రాయుట లేదు. ఆమె ఆర్.ఎం.ఎస్.లో సార్టింగ్ అసిస్టెంటు. ఇరవై ఆరవ ఏట బహిష్టు రోజులలో మొదలైన నొప్పి క్రమంగా నెలలో సగం రోజులకు ప్రాకినది. దొడ్డికి వెళ్లినా నొప్పి, కాపురంలోనూ నొప్పి, రాత్రి సెట్టులో నాలుగు గంటలు నిలబడితే నడుము నుండి తొడల వరకు లాగివేసే నొప్పి. మొదట చూసిన డాక్టరు ఆడవాళ్లకు ఇది మామూలే అన్నారు. రెండవవారు మూత్రంలో దోషమని మాత్రలు వ్రాశారు. మూడవచోట స్కానింగు తీసి, ఏమీ లేదు, అంతా మనసులోనే ఉన్నదమ్మా అని పంపివేశారు. సగం జీతం సెలవు అయిపోయినది. జీతం లేని సెలవు మొదలైనది. పై అధికారి పదిమంది వినగా నెలనెలా ఈ నాటకమేమిటని అడిగినాడు.

ఎనిమిదవ ఏట ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఇద్దరు పిల్లలున్నారు గదా, ఇంక గర్భసంచి ఎందుకని ఆపరేషనుకు తేదీ ఇచ్చారు. ఆ తేదీకి నాలుగు రోజుల ముందు తోటి ఉద్యోగిని ఒకరు ఆమెను బలవంతంగా ఒక బోధనాసుపత్రికి తీసుకొని వెళ్లారు. అక్కడి డాక్టరు దాదాపు గంటసేపు ఆమె చెప్పినది విన్నారు. అది ఎండోమెట్రియోసిస్ అని తేల్చారు. మందులు, ఫిజియోథెరపీ ఇచ్చారు. నొప్పి పూర్తిగా పోలేదు. కాని నెలలో రెండు మూడు రోజులకు తగ్గినది. గర్భసంచి ఉన్నది. ఉద్యోగం చేసుకొనుచున్నది.

ఆమె ఉత్తరంలోని చివరి మాటలు ఇవి: "ఈ ఎనిమిదేళ్లలో మా శాఖ కార్యదర్శిగారితో చెప్పుకోలేకపోయాను. ఆయన మంచివారే. ట్రాన్స్‌ఫరు విషయంలో నాకు ఎంతో సాయం చేశారు. కాని ఇది ఎట్లా చెప్పను?"

ఈ ప్రశ్న ఆమెను అడగవలసినది కాదు. మనలను మనం అడుగుకొనవలసినది.

ఈ నొప్పి ఏమిటి?

బొడ్డుకు దిగువన, కటి ప్రాంతంలో, ఆరు నెలలకు పైబడి వచ్చిపోవుచునో, ఎడతెగకనో ఉండే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక కటి నొప్పి అంటారు. దీనికి ఒకే కారణం లేదు. గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం సంచి వెలుపల, అండాశయాల మీద, పేగుల మీద, మూత్రాశయం మీద పెరుగుట ఎండోమెట్రియోసిస్. అదే విధమైన కణజాలం గర్భసంచి కండరంలో పెరుగుట అడినోమయోసిస్. ఇవిగాక పాత ఇన్‌ఫెక్షన్ల శేషం, ఆపరేషన్ల తరువాత లోపల అతుకులు పడుట, మూత్రాశయపు నొప్పి, పేగుల చికాకు, కటి అడుగు కండరాలు బిగిసిపోవుట కూడా కారణాలే. మన దేశంలో మరచిపోరాని మరొక కారణం జననేంద్రియాల క్షయ. చాలామందిలో వీటిలో రెండు మూడు కలిసియుండును. అందుచేతనే ఒక డాక్టరు ఒక అవయవాన్ని మాత్రమే చూసి చేసిన వైద్యం తరచుగా విఫలమగుచున్నది.

ఎండోమెట్రియోసిస్ ఒక్కటే ప్రపంచంలో సంతానయోగ్య వయస్సులోని స్త్రీలలో నూటికి సుమారు పదిమందికి, అనగా 19 కోట్లమందికి ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లక్షణాలు మొదలైన నాటి నుండి జబ్బు పేరు తెలియుటకు సగటున 4 నుండి 12 సంవత్సరాలు పట్టుచున్నదని ఆ సంస్థే చెప్పుచున్నది. కాబట్టి మన సోదరి ఎనిమిదేళ్లు ఆమె దురదృష్టం కాదు; లోకమంతటా ఉన్న నిర్లక్ష్యంలో ఆమె వంతు.

స్కానింగులో ఏమీ కనబడకపోతే నొప్పి లేదని అర్థం కాదు. ఎండోమెట్రియోసిస్ పొరల మీది చిన్న మచ్చలు మామూలు అల్ట్రాసౌండులో కనబడవు. వెనుకటి రోజులలో లాపరోస్కోపీ చేసి కళ్లారా చూస్తేనే గాని జబ్బును నిర్ధారించేవారు కారు. ఐరోపా సంతాన వైద్యుల సంఘం 2022లో వెలువరించిన మార్గదర్శక సూత్రాలు ఈ పద్ధతిని మార్చివేసినవి. లక్షణాలను బట్టి, పరీక్షను బట్టి ఆపరేషను లేకుండానే మందులు మొదలుపెట్టవచ్చునని అవి చెప్పినవి.

మరొక సంగతి. నొప్పి చాలాకాలం నిలిస్తే నాడీమండలమే దానికి అలవాటుపడును. మంట ఆరిన తరువాత కూడా గంట మ్రోగుచునే యుండినట్లు, మూలకారణం తగ్గినను నరాలు, మెదడు నొప్పి సంకేతాన్ని పెద్దది చేసి చూపును. నొప్పి భయంతో కండరాలు బిగిసి, ఆ బిగువు మరల నొప్పిని పెంచును. ఇది నటన కాదు, పిచ్చి కాదు, శరీరధర్మం. మనసులోనే ఉన్నదని చెప్పి పంపివేయుట వైద్యం కాదు.

పురుషులకు కూడా

ఇప్పుడు మగ సోదరులు వినవలెను. వృషణాల వెనుక, మలద్వారానికి ముందు, పొత్తికడుపు దిగువన నెలల తరబడి నొప్పి, మూత్రం పోసేటప్పుడు మంట, కూర్చుంటే ఎక్కువగుట. ఎందరో లోకో పైలట్లు, గూడ్సు గార్డులు, కౌంటరు గుమాస్తాలు ఈ బాధను ఎవరికీ చెప్పకుండా మోయుచున్నారు. ప్రోస్టేటు గ్రంథి వాచినదని చెప్పి కోర్సు మీద కోర్సు యాంటీబయాటిక్కులు మ్రింగుచున్నారు. కాని ఈ రకం నొప్పిలో అధికభాగం కేసులలో ఏ సూక్ష్మజీవీ కనబడదు. పరీక్షలో ఇన్‌ఫెక్షను తేలనప్పుడు ఆ మందులను పదేపదే వాడుట వలన ప్రయోజనం లేదు. ఇక్కడ కూడా బిగిసిన కండరాలకు ఫిజియోథెరపీ, మూత్రమార్గాన్ని సడలించే మందులు, నొప్పి నరాలను శాంతింపజేసే మందులు మనిషిని బట్టి కలిపి వాడవలెను. గంటల తరబడి సైకిలు సీటు ఒత్తిడి ఈ నొప్పిని పెంచగలదని టపా బీట్లు తిరిగే మిత్రులు గమనించవలెను. సిగ్గుచేత ఊరూరా తిరిగే లైంగిక వైద్యుల గుడారాలకు పోయి జీతం పోగొట్టుకొనరాదు.

ఏ వైద్యం పనిచేయును?

మాయమందు లేదని ముందే చెప్పుట మా బాధ్యత. కాని సహాయం ఉన్నది. ఎండోమెట్రియోసిస్‌కు నొప్పి మాత్రలతోపాటు హార్మోను మాత్రలు, గర్భసంచిలో అమర్చే హార్మోను సాధనం చాలామందికి ఉపశమనం ఇచ్చుచున్నవి. గర్భం కోరుకొనేవారికి ఈ దారి పనికిరాదు. వారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పవలెను. అవసరమైనచోట లాపరోస్కోపీ ద్వారా ఆ కణజాలాన్ని తొలగింతురు. క్షయ అయితే క్షయ మందులు పూర్తికాలం వాడవలెను. కండరాలు బిగిసినచోట కటి కండరాల ఫిజియోథెరపీ ముఖ్యం. ఇందులో ఒక హెచ్చరిక: కాన్పు తరువాత చెప్పే బిగింపు వ్యాయామాలు బిగిసిన కండరాలకు హాని చేయవచ్చును, వారికి కావలసినది సడలింపు. నొప్పితో బ్రతుకుటకు మనసును సిద్ధపరచే చికిత్స కూడా వైద్యంలో భాగమే గాని అవమానం కాదు.

పనిచేయనిది కూడా చెప్పవలెను. కారణం తెలియని కటి నొప్పికి విరివిగా వ్రాయబడుచుండిన గాబాపెంటిన్ అనే మందును బ్రిటనులో 306 మంది స్త్రీలపై పరీక్షించి, ఉత్తుత్తి మాత్రకంటె అది మెరుగు కాదని 2020లో ప్రకటించారు. మందు ఖరీదైనంత మాత్రాన, చీటీ పొడవైనంత మాత్రాన వైద్యం గొప్పది కాదు.

డాక్టరు వద్దకు పోవుటకు ముందు రెండు మూడు నెలలు ఒక నోటు పుస్తకం వ్రాయవలెనని మా సలహా. ఏ తేదీన, ఏ చోట, పదికి ఎంత నొప్పి, బహిష్టు ఏ రోజు, మలమూత్రాలు ఎట్లున్నవి, ఆ రోజు ఏ డ్యూటీ, ఏ మాత్రకు ఎంత తగ్గినది. లాగ్ బుక్కు వ్రాయుట మనకు క్రొత్త కాదు. అయిదు నిమిషాల ఓ.పి.లో ఆ పుస్తకమే మన తరఫున మాట్లాడును. అయితే అకస్మాత్తుగా వచ్చిన తీవ్రమైన నొప్పి, జ్వరంతో కూడిన నొప్పి, గర్భం ఉన్నదన్న అనుమానం, మూత్రంలో గాని మలంలో గాని రక్తం, బరువు తగ్గిపోవుట, ముట్లుడిగిన తరువాత రక్తస్రావం, వీటిలో ఏది ఉన్నను పుస్తకం కోసం ఆగక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

గర్భసంచి తొలగింపు అనే అడ్డదారి

ఈ విషయంలో తెలుగువారు ప్రత్యేకంగా ఆలోచించవలసియున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశం మొత్తం మీద నూటికి 3 చిల్లర కాగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో నూటికి 8కి పైగా ఉన్నారు. మన ఆడపడుచుల గర్భసంచులు దేశంలోని మిగతావారికంటె అంత ఎక్కువగా చెడిపోయినవని ఎవరు నమ్మగలరు?

గర్భసంచి తొలగింపు అవసరమైన జబ్బులు ఉన్నవి. ఆ ఆపరేషనును మేము నిందించుట లేదు. కాని నొప్పికి కారణం మూత్రాశయంలోనో, పేగులలోనో, కండరంలోనో ఉన్నప్పుడు గర్భసంచి తీసివేసినను నొప్పి నిలిచియుండును. చిన్న వయసులో అండాశయాలు కూడా తొలగిస్తే ముందుగానే ముట్లుడిగి, ఎముకలు బలహీనపడి, గుండెజబ్బు ప్రమాదం పెరుగును. అనవసరమైన గర్భసంచి ఆపరేషన్లపై డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు చెప్పి, కేంద్రం రూపొందించిన మార్గదర్శక సూత్రాలను మూడు నెలలలో అమలు జరుపవలెనని రాష్ట్రాలను ఆదేశించినది.

మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు కోత కూలి స్త్రీలు పెద్ద సంఖ్యలో గర్భసంచులు తీయించుకొన్న సంగతి 2019లో దేశానికి తెలిసినది. అక్కడ ఒక రోజు పని మానితే కూలి పోవుటయేగాక ముఠా మేస్త్రీకి జరిమానా కట్టవలెను. సెలవు లేని చోట శ్రామిక స్త్రీ తన శరీరంలోని భాగాన్నే వదులుకొన్నది. ఇది వైద్య సమస్య మాత్రమే కాదు, పని పరిస్థితుల సమస్య అనుటకు ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

పనిచోటు, ఆసుపత్రి

మన పనిచోట్లు ఎట్లున్నవి? మరుగుదొడ్డి లేనందున డ్యూటీకి ముందు నీళ్లు త్రాగని ట్రాక్ మెయింటెయినరు సోదరీమణులు ఎందరో ఉన్నారు. నీరు త్రాగకపోవుట, గంటల తరబడి మూత్రం బిగబట్టుట మూత్రాశయపు నొప్పి ఉన్నవారికి శిక్షయే. అనేక ఇంజన్లలో నేటికీ ఆ సదుపాయం లేదు. భోజనానికి, ప్రకృతి అవసరాలకు లోకో పైలట్లకు విరామం నిర్ణయించుట ఆచరణసాధ్యం కాదన్న కమిటీ మాటను రైల్వే బోర్డు 2025 ఏప్రిల్‌లో ఆమోదించినది. 1974 మే 8 నుండి 27 వరకు సాగిన మహా సమ్మెలో రైల్వే కార్మికుడు కోరినది వేతనం మాత్రమే కాదు, మనిషి భరించగల పనిగంటలు కూడా. అర్ధశతాబ్దం గడచినను మూత్ర విసర్జనకు వ్యవధి కావలెనని అడుగవలసి వచ్చుట ఎవరికి సిగ్గు?

ఆసుపత్రుల సంగతి. రైల్వే ఉద్యోగికి రైల్వే ఆసుపత్రి ఉన్నది. కాని డివిజను ఆసుపత్రి నుండి పెద్ద ఆసుపత్రికి రెఫరల్ దొరుకుటకు ఈ నొప్పికి ప్రాణాపాయం లేదన్న సాకు అడ్డమగుచున్నది. తపాలా ఉద్యోగికి సి.జి.హెచ్.ఎస్. ఉన్న నగరాలలో ఒక దారి, లేనిచోట 1944 నాటి వైద్య సహాయ నిబంధనల క్రింద బిల్లుల దారి. గ్రామీణ డాక్ సేవకులకు ఈ రెండూ లేవు. కటి కండరాలకు శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టులు ఎక్కువగా పెద్ద నగరాలకే పరిమితమైయున్నారు. ఈ నొప్పి 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాలలో చేరలేదు గనుక ఆ చట్టపు రక్షణ కూడా లేదు.

మనం కోరవలసినవి

ఒకటి: ప్రతి డివిజను రైల్వే ఆసుపత్రిలోను, సి.జి.హెచ్.ఎస్. నగరాలలోను స్త్రీవైద్యులు, మూత్రకోశ వైద్యులు, ఫిజియోథెరపిస్టు కలిసి చూసే కటి నొప్పి క్లినిక్కు కనీసం నెలకు రెండు రోజులు నడుపవలెను.

రెండు: ఆరు నెలలు దాటిన నొప్పికి రెఫరల్ నిరాకరించరాదు. ఫిజియోథెరపీ ఖర్చు పూర్తిగా చెల్లించవలెను.

మూడు: నలభై ఏళ్ల లోపు ఉద్యోగిని గాని, ఉద్యోగి కుటుంబ సభ్యురాలు గాని గర్భసంచి ఆపరేషనుకు పోవుటకు ముందు రెండవ వైద్యుని అభిప్రాయం ప్రభుత్వ ఖర్చుతో ఇప్పించవలెను.

నాలుగు: ఒకసారి నిర్ధారణ అయిన దీర్ఘకాలిక నొప్పికి ప్రతి నెలా క్రొత్త సర్టిఫికెట్టు అడుగరాదు. దానికి ప్రత్యేక సెలవు, జీతనష్టం లేని డ్యూటీ సర్దుబాటు ఉండవలెను.

అయిదు: ఇంజన్లు, గేట్లు, గ్యాంగు గుడిసెలు, ఆర్.ఎం.ఎస్. కార్యాలయాలు, సబ్ పోస్టాఫీసులు అన్నింటిలో నీటితో కూడిన మరుగుదొడ్లు ఉండవలెను.

ఆరు: గ్రామీణ డాక్ సేవకులకు, వారి కుటుంబాలకు వైద్య సదుపాయం వర్తింపజేయవలెను.

నాలుగవ కోర్కె గురించి ఒక మాట. బీహారు ప్రభుత్వం తన ఉద్యోగినులకు 1992 నుండే నెలకు రెండు రోజుల ప్రత్యేక సెలవు ఇచ్చుచున్నది. కర్ణాటక 2025లో నెలకు ఒక రోజు ఇచ్చుటకు నిర్ణయించినది. ఇట్టి సెలవు తప్పనిసరి చేస్తే స్త్రీలను ఉద్యోగాలలోకి తీసుకొనరేమోనని సుప్రీంకోర్టు 2024 జూలైలో శంక వ్యక్తపరచినది. ఆ శంక నిరాధారం కాదు. అందుచేతనే మేము కోరునది జబ్బుకు సెలవు. స్త్రీయైనా పురుషుడైనా నొప్పి నొప్పియే. రైల్వేలలో 1952 నుండి ఉన్న శాశ్వత సంప్రదింపుల యంత్రాంగంలోను, 1966 నుండి ఉన్న జె.సి.ఎం.లోను, 2025లో ఏర్పడిన 8వ వేతన సంఘం ఎదుటను ఈ కోర్కెలను ఉంచవలెనని సమాఖ్య నాయకత్వాన్ని కోరుచున్నాము.

మన ఇల్లు మనం చక్కదిద్దుకొనవలెను

యాజమాన్యాన్ని అడుగుటకు ముందు మనం చేయగల పనులున్నవి. ప్రతి శాఖలో ఇద్దరు ఉద్యోగినులను ఈ బాధ్యతకు ఎన్నుకొనవలెను. వారితో చెప్పిన మాట కార్యదర్శికైనను అనుమతి లేనిదే చేరరాదు. రెండవ డాక్టరు అభిప్రాయానికి పోవలసినవారికి తోడు పంపవలెను. డ్యూటీ మార్పిడికి సహకరించవలెను. అన్నింటికంటె ముఖ్యం: తోటి కార్మికురాలి నొప్పిని నాటకమని అధికారి అన్నప్పుడు అక్కడ నిలబడి నవ్వినవారిలో మన సభ్యులు ఉండరాదు. ఉండిన సందర్భాలున్నవని ఆ సోదరి ఉత్తరమే చెప్పుచున్నది. ఆ మేరకు ఈ సంఘం దోషి. ఆ దోషం ఒప్పుకొనుచున్నాము.

ఆమెకు మేము వ్రాసిన జవాబు క్లుప్తమైనది. "అమ్మా, మీరు చెప్పలేకపోవుట మీ తప్పు కాదు, అడుగకపోవుట మా తప్పు" అని వ్రాశాము. రానున్న శాఖా సమావేశాలలో ప్రతి కార్యదర్శి ఈ అంశాన్ని అజెండాలో చేర్చి, పై ఆరు కోర్కెలపై తీర్మానం చేసి సమాఖ్యకు పంపవలసినదిగా విజ్ఞప్తి చేయుచున్నాము. ఆమె శాఖ తీర్మానం కొరకు ప్రత్యేకంగా ఎదురుచూచుచుందుము.